“రిచర్డ్స్ కన్వర్షన్” పేరుతో అమ్మకానికి వచ్చిన పాత కోల్ట్: అసలుదో కాదో తేల్చుకోవడం, కాల్చవచ్చో లేదో నిర్ణయించుకోవడం

ప్రశ్న: అమెరికాలో ఉంటున్నాను. ఇక్కడ వేలానికి వచ్చిన కోల్ట్ 1860 ఆర్మీ రివాల్వర్ మీద “రిచర్డ్స్ కన్వర్షన్” అని రాసి ఉంది. అది ఆ రోజుల్లో ఫ్యాక్టరీలోనే తూటాలకు మార్చిందా, తర్వాత ఎవరైనా మార్చారా అన్నది ఎలా తెలుస్తుంది? ఇప్పుడు షాపుల్లో దొరికే తూటాలు అందులో వాడొచ్చా? లేదంటే మామూలు క్యాపు రివాల్వర్ ఒకటి కొని తూటాలకు మార్పించుకోవడం చవకా?

సమాధానం:

మూడో ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అందులో నష్టం తిరిగి పూడ్చలేనిది. 1860ల నాటి అసలు క్యాపు రివాల్వర్‌ను ఇప్పుడు తూటాలకు మార్పించకండి. ఫ్రేమ్ కోయాలి, సిలిండర్ వెనక భాగం తీసెయ్యాలి. ఒకసారి కోశాక అది క్యాపు రివాల్వర్‌గా మిగలదు, చారిత్రక కన్వర్షన్ కూడా కాలేదు. సేకరించేవాళ్లు దాన్ని పాడు చేసిన వస్తువుగానే లెక్కేస్తారు. ఇనుము సంగతి సరేసరి, నూట అరవై ఏళ్ల లోహం లోపల ఏ పగులు దాచుకుని ఉందో పైకి కనపడదు. కాల్చాలన్న కోరిక ఉంటే దానికి వేరే దారి ఉంది, కింద చెప్తాను.

ఇక కన్వర్షన్ అంటే అసలు ఏం మారుతుందో తెలిస్తే వస్తువును చూడటం తేలికవుతుంది. క్యాపు రివాల్వర్ సిలిండర్‌లో ఆరు అరలు ఉంటాయి. ముందు వైపు తెరిచి, వెనక వైపు మూసి ఉంటాయి. ముందు నుంచి తుపాకీ మందు పోసి, సీసపు గుండు పెట్టి, బ్యారెల్ కింద ఉన్న లివర్‌తో దట్టించి, వెనక నిపుల్ అనే చిన్న మొన మీద క్యాపు, అంటే హ్యామర్ దెబ్బకు నిప్పు రాజేసే చిన్న రేకు టోపీ, తొడుగుతారు. రేకు తూటాకు ఇవేవీ పనికిరావు. అరలు వెనక వైపు కూడా తెరుచుకోవాలి, తూటా అంచును వెనక నుంచి ఆపే పలక ఉండాలి, దాన్ని కొట్టే పిన్ను ఉండాలి, పేలాక మిగిలే రేకు గొట్టాన్ని, అంటే ఖాళీ ఖోకాను, బయటికి నెట్టే కడ్డీ ఉండాలి. ఏ కన్వర్షన్ అయినా ఈ నాలుగు అవసరాలను తీర్చాల్సిందే. ఎవరు ఎలా తీర్చారో చూస్తే అది ఎవరి పనో చాలావరకు తెలిసిపోతుంది.

ఇంత సూటి మార్పును కోల్ట్ కంపెనీ ముందే ఎందుకు చెయ్యలేదంటే, పేటెంట్ అడ్డం. సిలిండర్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తొలిచే పద్ధతి మీద రోలిన్ వైట్‌కు 1855 ఏప్రిల్ 3న పేటెంట్ వచ్చింది. 1856లో స్మిత్ అండ్ వెసన్ దాన్ని లైసెన్స్‌కు తీసుకుంది, రివాల్వర్‌కు 25 సెంట్ల రాయల్టీ. పేటెంట్‌ను కోర్టుల్లో కాపాడుకునే ఖర్చు మాత్రం వైట్ నెత్తిన పడింది. అమెరికా అంతర్యుద్ధం ముగిసేసరికి క్యాపు రివాల్వర్లు గుట్టలుగా మిగిలాయి, కొనేవాళ్లు తూటా రివాల్వర్లు అడుగుతున్నారు, పేటెంట్ గడువు 1869 ఏప్రిల్ దాకా ఉంది. వైట్ గడువు పెంచుకోవడానికి వీలు కల్పించే బిల్లును 1870 జనవరిలో అధ్యక్షుడు గ్రాంట్ వీటో చేశాడు. ఆ తర్వాతే దారి పూర్తిగా తెరుచుకుంది.

పేటెంట్ బతికుండగానే రెండు కంపెనీలు రెండు దారులు పట్టాయి. రెమింగ్టన్ రాయల్టీ కట్టి, 1868 నుంచి న్యూ మోడల్ ఆర్మీ రివాల్వర్లను 0.46 అంగుళాల రిమ్‌ఫైర్ తూటాకు, అంటే అంచు మీద కొడితే పేలే రకానికి, మార్చింది. సుమారు 4,500 రివాల్వర్లు సిన్సినాటిలోని కిట్రెడ్జ్ అనే వ్యాపారికి వెళ్లాయి. వీటిలో ఆరు కాదు, ఐదే అరలు. 0.46 తూటా అంచు వెడల్పు, పక్కపక్కన ఆరు పట్టవు. కోల్ట్ మాత్రం పేటెంట్‌ను తప్పించుకునే దారి వెతికింది. థ్యూర్ అనే ఆయన 1868 సెప్టెంబర్ 15న పేటెంట్ తీసుకున్న పద్ధతిలో వెనక్కి సన్నగా ఉండే తూటాను ముందు నుంచే దట్టిస్తారు. సిలిండర్ వెనక ఒక రింగు తిరుగుతుంది. దాన్ని ఇంగ్లిష్ “E” అక్షరం ఉన్న స్థానానికి తిప్పి హ్యామర్ వదిలితే ఖాళీ ఖోకా ముందుకు ఎగిరి పడుతుంది. తెలివైన పనే గానీ జనం ఆదరించలేదు. మీ రివాల్వర్‌కు దీంతో సంబంధం లేదు. అయినా థ్యూర్ రింగులు అరుదు కాబట్టి నకిలీలు తిరుగుతుంటాయని గుర్తుంచుకోండి.

మీకు కావలసింది చార్లెస్ రిచర్డ్స్ పద్ధతి, పేటెంట్ 1871 జూలై 25. సిలిండర్ వెనక నిపుళ్లున్న భాగాన్ని తీసేసి, అరలను చివరిదాకా తొలిచారు. అలా ఖాళీ అయిన చోట ఫ్రేమ్‌కు ఒక గుండ్రటి పలక అమర్చారు. దాన్ని కన్వర్షన్ ప్లేట్ అంటారు. ఆ పలకలో స్ప్రింగుతో వెనక్కి వచ్చే పిన్ను ఉంటుంది. హ్యామర్ ముక్కు చదునుగా ఉంటుంది, అది పిన్నును కొడుతుంది, పిన్ను తూటాను కొడుతుంది. పలక పైనే వెనక గురి గాడి ఉంటుంది. క్యాపు రివాల్వర్‌లో ఆ గాడి హ్యామర్ మీద ఉండేది, హ్యామర్ మారడంతో దానికి చోటు లేకుండా పోయింది. కుడి వైపు తూటాలు వేయడానికి చిన్న తలుపు, లోడింగ్ లివర్ పోయిన చోట ఖోకా నెట్టే కడ్డీ గొట్టం.

తర్వాత విలియం మేసన్ 1872 జూలై 2 పేటెంట్‌తో దీన్ని సులువు చేశాడు. పలకలో పిన్ను తీసేసి హ్యామర్ ముక్కుకే పిన్ను పెట్టారు, పలకలో హ్యామర్ దూరే కోత పెట్టారు, పలక మీద గురి గాడి పోయింది, కడ్డీ గొట్టం మెరుగైంది. దీన్ని రిచర్డ్స్-మేసన్ అంటారు. ఈ రెండిటి మధ్య రకం కూడా ఉంది: రిచర్డ్స్ కడ్డీ, మేసన్ పలక. కాబట్టి రెండు లక్షణాలు కలిసి కనిపించినంత మాత్రాన నకిలీ అని తోసెయ్యకండి.

అయితే మీ ముందున్న వస్తువులో ఏం చూడాలి? వేలం చీటీ పక్కన పెట్టి, హ్యామర్‌ను వెనక్కి లాగి పలకను చూడండి. పిన్ను పలకలో ఉండి, హ్యామర్ ముక్కు చదునుగా ఉండి, పలక మీద గురి గాడి ఉంటే అది మొదటి రకం రిచర్డ్స్ లక్షణం. పిన్ను హ్యామర్ మీదే ఉంటే, దాన్ని “రిచర్డ్స్” అని మాత్రమే రాసిన అమ్మకందారు గమనించలేదో, ధర కోసం గమనించనట్టు ఉన్నాడో. బ్యారెల్ కింద లివర్ దూరే రంధ్రం ఆనవాలు కూడా చూడండి. రిచర్డ్స్ రకంలో పాత క్యాపు బ్యారెల్‌నే వాడారు కాబట్టి ఆ చోటు కడ్డీ భాగంతో మూసి ఉంటుంది. రిచర్డ్స్-మేసన్ 1860లకు ఆ రంధ్రం అసలే లేకుండా కొత్త రూపంలో తయారైన బ్యారెళ్లు వాడారు.

తర్వాత నంబర్లు. ఫ్రేమ్, బ్యారెల్, ట్రిగ్గర్ గార్డ్, వెనక పట్టీ, సిలిండర్ అన్నిటి మీదా సీరియల్ నంబర్ వెతకండి. అన్నీ కలిస్తే మంచిదే. సైన్యం వెనక్కి పంపి మార్పించిన వాటి మీద పాత నంబర్‌తో పాటు రెండో నంబర్ కూడా కొట్టి ఉంటుంది. రెండు నంబర్లు చూసి కంగారు పడక్కర్లేదు, రెండో నంబర్ సిలిండర్ మీదా మిగతా భాగాల మీదా ఒకటేనా అన్నదే ప్రశ్న. సిలిండర్ చుట్టూ చెక్కిన నౌకాయుద్ధం బొమ్మ, అంటే 1843 మే 16న మెక్సికోలోని కాంపీచే దగ్గర జరిగిన పోరు, ఎంత మిగిలిందో చూడండి. బొమ్మ బాగా అరిగి, తేదీ అక్షరాలు మాత్రం పదునుగా ఉంటే ఎవరో తర్వాత కొట్టి ఉంటారు.

నా అనుభవంలో అన్నిటికంటే ఎక్కువ చెప్పేది పలక కింద దాగి ఉన్న కోత. రికాయిల్ షీల్డ్, అంటే సిలిండర్ వెనక ఫ్రేమ్ గుండ్రటి గోడ, అక్కడ లోహం తీసిన చోటును టార్చితో, పది రెట్ల భూతద్దంతో చూడండి. 1870ల ఫ్యాక్టరీ కోత మీద కూడా ఫ్రేమ్ మిగతా భాగం లాంటి రంగు, అదే వయసు తుప్పు, అదే అరుగుదల ఉంటాయి. ఇటీవలి మిల్లింగ్ కట్టర్ అయితే అర్ధచంద్రాకారపు గీతలు కొత్తగా మెరుస్తాయి, లేదా వాటిని కప్పడానికి పూసిన రసాయనపు నలుపు మూలల్లో మాత్రం చిక్కగా పేరుకుని ఉంటుంది. తూటా దూరే గాడి అంచులు చేతి ఆకురాయితో లాగినట్టు వంకరగా ఉంటే అది ఊరి కమ్మరి పని. అలాంటివి ఆ కాలంలోనూ జరిగాయి, వాటికీ విలువ ఉంది. కానీ అది ఫ్యాక్టరీ ధర కాదు. తుప్పు గుంటల మీదే మెరుగు పెట్టి మళ్లీ నీలం పూసి ఉంటే, ఆ మెరుగు కింద ఏం పోయిందో ఎవరూ చెప్పలేరు.

ఇక తూటాల సంగతి. పొరపాటు జరిగితే చేతులు పోయేది ఇక్కడే.

క్యాపు సిలిండర్‌ను తిన్నగా తొలిచేస్తే అర వ్యాసం మొదటి నుంచి చివరిదాకా ఒకటే. ఆ అరలో తూటా ఖోకా పట్టాలి, గుండు బ్యారెల్ గాడులకు సరిపోవాలి. రెండూ ఒకే వ్యాసంలో ఉండాలంటే గుండు వెనక భాగాన్ని సన్నగా చేసి ఖోకాలో దూర్చాలి, ముందు భాగం ఖోకా బయటి వ్యాసమంత ఉండాలి. దీన్నే హీల్ బుల్లెట్ అంటారు. అసలు 0.44 కోల్ట్ తూటా గుండు సుమారు 0.451 అంగుళాలు. ఇప్పుడు 0.44 కోల్ట్ పేరుతో షాపులో దొరికే తూటా గుండు ఖోకా లోపల కూర్చునే రకం, సుమారు 0.429. అంటే 0.022 అంగుళాల తేడా. అది పాత బ్యారెల్‌లో గాడులను పట్టకుండా దొర్లుకుంటూ పోతుంది, గ్యాసు పక్కలనుంచి కారుతుంది, లక్ష్యం మీద గుండు అడ్డంగా గుద్దిన ఆనవాళ్లు కనిపిస్తాయి. కోల్ట్‌వే అయిన 0.36 నేవీ రివాల్వర్లలోనూ ఇదే కథ. పేరు 0.36 అయినా బ్యారెల్ గాడుల దగ్గర సుమారు 0.375, ఇప్పటి 0.38 తూటాల గుండు 0.357.

గురి తప్పడం చిన్న సమస్యే. అసలు ప్రమాదం వేరే ఉంది. ఈ అరల్లో ఖోకాను ఆపే మెట్టు లేదు. మామూలు రివాల్వర్‌లో పొడవైన తూటా మెట్టు దగ్గర ఆగిపోతుంది, తప్పు తూటా లోపలికి పోదు. నేవీ కన్వర్షన్‌లో 0.38 లాంగ్ కోల్ట్ కోసం తొలిచిన అరలోకి 0.38 స్పెషల్ నేరుగా జారిపోతుంది. సిలిండర్ పొడవు సరిపోతే 0.357 మ్యాగ్నమ్ కూడా ఆగదు. బ్లాక్ పౌడర్ (పాతకాలపు నల్ల మందు) కోసం చేసిన ఇనుములో 0.38 స్పెషల్ ఒత్తిడి, అంటే చదరపు అంగుళానికి 17,000 పౌండ్ల పరిమితి, అప్పటికే మితిమీరినది. 0.357 మ్యాగ్నమ్‌ది దానికి రెట్టింపు, 35,000. “తూటా దూరింది కాబట్టి సరిపోయింది” అనుకోవడం ఈ రివాల్వర్లతో ప్రాణాంతకం. ఇప్పటి తూటాల్లో ఉండే పొగలేని మందు ఏ రూపంలోనూ వద్దు. కోల్ట్ కంపెనీయే సింగిల్ యాక్షన్ ఆర్మీ అనే తన తూటా రివాల్వర్‌కు పొగలేని మందు భరోసా ఇచ్చింది 1900 ప్రాంతంలో, అదీ మెరుగైన ఉక్కు వచ్చాక. మీరు చూస్తున్న వస్తువు అంతకు పాతికేళ్ల పైచిలుకు ముందుది.

కాల్చే ఉద్దేశం ఉన్నా లేకపోయినా కొనేముందు ఈ పరీక్షలు చేయించండి, అమ్మకందారు అనుమతితో. ముందు హ్యామర్‌ను సగం దాకా లాగి, తలుపు తెరిచి, ఆరు అరలూ ఒక్కొక్కటిగా తిప్పి ఖాళీ అని కళ్లతో చూడండి. రెండోసారి కూడా చూడండి. ఖాళీగా హ్యామర్ వదలకండి. రిచర్డ్స్ పలకలోని పిన్ను, స్ప్రింగు అలా విరిగినవి చాలా ఉన్నాయి. హ్యామర్‌ను మెల్లగా పూర్తిగా లాగండి, ఆగేసరికి బోల్టు, అంటే సిలిండర్‌ను తిరగకుండా పట్టే ముక్క, సిలిండర్ గాడిలో పడి ఉండాలి. ఆరు అరలకూ విడివిడిగా చూడాలి, ఒకటి బాగుంటే మిగతావి బాగున్నాయని కాదు. లాగి ఉంచిన స్థితిలో సిలిండర్‌ను పక్కకు కదిపితే ఆట చాలా తక్కువ ఉండాలి. ఆట ఎక్కువైతే అర బ్యారెల్‌కు ఎదురుగా నిలవదు, గుండు అంచు చెక్కుకుపోతుంది, సీసం చీలికలు పక్కలకు చిమ్ముతాయి.

బోల్టు గాడులు అర మీదకే వస్తాయి. అక్కడే గోడ అన్నిటికంటే పలచన. అరలో టార్చి వేసి, గాడి ఉన్న చోట లోపల ఉబ్బు గానీ వెంట్రుక లాంటి గీత గానీ ఉందేమో చూడండి. అది పగులు మొదలు. అలాంటి సిలిండర్ గాజు బీరువాలో పెట్టడానికే పనికొస్తుంది.

కోల్ట్ ఫ్రేమ్ పైన పట్టీ ఉండదు. బ్యారెల్‌ను పట్టి ఉంచేది అడ్డంగా దూర్చిన ఒక చీల, దాన్ని వెడ్జ్ అంటారు. అది వదులైతే బ్యారెల్, సిలిండర్ మధ్య సందు మారుతుంటుంది. ఫీలర్ గేజ్, అంటే సందు కొలిచే పలుచని రేకు, పెట్టి చూడండి, 0.006 నుంచి 0.010 అంగుళాల మధ్య ఉంటే సంతోషించండి. రెమింగ్టన్‌కు పైపట్టీ ఉన్న గట్టి ఫ్రేమ్ కాబట్టి ఈ బాధ లేదు. బలం విషయంలో రెమింగ్టన్ మెరుగనే నేనంటాను, అందం కోల్ట్‌దైనా సరే.

బ్యారెల్ వ్యాసం తెలుసుకోవాలంటే మెత్తటి సీసపు గుండుకు నూనె రాసి, చెక్క కడ్డీతో మెల్లగా నెట్టి బయటికి తీసి కొలవండి. కోల్ట్ క్యాపు బ్యారెళ్లలో ఏడు గాడులుంటాయి. బేసి సంఖ్య కావడంతో ఒక గాడికి ఎదురుగా ఇంకో గాడి రాదు, మామూలు కాలిపర్‌తో కొలిస్తే తక్కువ వ్యాసం చూపిస్తుంది. దాన్ని నమ్మి చిన్న గుండు ఎంచుకునేవాళ్లు చాలామంది.

కాల్చాలనుకుంటే ఆ కోరికను అసలు రివాల్వర్ మీద తీర్చుకోవద్దు. ఇటలీలో ఉబెర్టి కంపెనీ రిచర్డ్స్-మేసన్, 1871 ఓపెన్ టాప్ నమూనాలను ఆధునిక ఉక్కుతో, తూటాలకే సిద్ధంగా తయారు చేస్తుంది. ఇదే మేలైన దారి. క్యాపు నమూనా ఇప్పటికే మీ దగ్గర ఉంటే కిర్స్ట్, హోవెల్ పేర్లతో దానికి తొడిగే తూటా సిలిండర్లు అమ్ముతారు. అవి ఏ కంపెనీ, ఏ మోడల్ కోసం చేసినవో దానికే వాడాలి, తయారీదారు చెప్పిన తక్కువ ఒత్తిడి సీసపు తూటాలే వాడాలి. ఇత్తడి ఫ్రేమ్ ఉన్న నమూనాకు ఏ కంపెనీ సిలిండర్ అయినా సరే, పెట్టకూడదు. ఇత్తడి సాగిపోతుంది, తూటా వెనక సందు పెరుగుతుంది, ఖోకా వెనక్కి వచ్చి చిట్లుతుంది.

చట్టం విషయం క్లుప్తంగా. అమెరికా కేంద్ర చట్టంలో 1898 లేదా అంతకు ముందు తయారైన తుపాకీ పురాతన వస్తువు కింద లెక్క, అసలు రిచర్డ్స్ కన్వర్షన్ ఆ కోవలోకే వస్తుంది. కొత్త నమూనాలకు ఆ వెసులుబాటు క్యాపుతో ఉన్నంతవరకే. తూటాలకు తయారైన నమూనా మామూలు తుపాకీయే, లైసెన్సున్న డీలర్ దగ్గర కొంటే మీ నేపథ్యం తనిఖీ చేశాకే ఇస్తారు. రాష్ట్రాల చట్టాలు ఇంకా కఠినంగా ఉండవచ్చు, మీ రాష్ట్రంలో ఏముందో డీలర్‌ను అడగండి.

ఇండియాకు తెచ్చుకుందామన్న ఆలోచన ఉంటే మానుకోండి. 1959 ఆయుధాల చట్టంలో వయసును బట్టి మినహాయింపు లేదు. పాతదైనా, మరమ్మతు చేసినా చేయకపోయినా పేలే అవకాశం లేని స్థితిలో ఉంటేనే సెక్షన్ 45 వర్తిస్తుంది. లైసెన్సు లేకుండా తుపాకీని మార్చడం సెక్షన్ 5 కింద నిషేధం, 2019 సవరణ తర్వాత దానికి శిక్ష ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా. ఇంట్లో తాతల నాటి తుపాకీ దొరికితే దాన్ని బాగు చేయించే పని పెట్టుకోకుండా ముందు పోలీసులకు, జిల్లా లైసెన్సింగ్ అధికారికి తెలియజేయండి.

మన దేశంతో ఈ చరిత్రకు ఉన్న నిజమైన బంధం బ్రిటిష్ సైన్యం ద్వారా వచ్చింది. 1856 నాటి బ్యూమాంట్-ఆడమ్స్ క్యాపు రివాల్వర్లను 1868లో జాన్ ఆడమ్స్ పద్ధతిలో 0.450 తూటాకు మార్చి మార్క్ 1గా సైన్యానికిచ్చారు. వాటిది గట్టి ఫ్రేమ్, కోల్ట్ తరహా వెడ్జ్ ఉండదు. అమెరికా వేలంలో అలాంటిది కనిపిస్తే కన్వర్షన్ ప్లేట్ కోసం వెతక్కండి, అక్కడ చూడాల్సింది సిలిండర్, తలుపు, కడ్డీ ఫ్రేమ్‌తో పాటు పాతబడ్డాయా లేదా అన్నది.

మీరు చూస్తున్న 1860 ఆర్మీకి సంబంధించి అమ్మకందారును ఐదు ఫోటోలు అడగండి: హ్యామర్ లాగి ఉన్నప్పుడు పలక, తలుపు తెరిచి ఉన్నప్పుడు కుడి వైపు ఫ్రేమ్ కోత, సిలిండర్ వెనక ముఖం, నంబర్లన్నీ ఒక్కొక్కటిగా, వెడ్జ్ తీసిన తర్వాత బ్యారెల్ కింది భాగం. ఆ చివరి ఫోటో ఇవ్వనంటే వేలంలో చెయ్యి ఎత్తకండి.